3ఎం 6200 మాస్క్: వాసన ఆపుతుంది, చిక్కంతా అక్కడే

వరంగల్ ఆటోనగర్‌లోనైనా, హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు పక్క డెంటింగ్ షెడ్లలోనైనా, స్ప్రే గన్ పట్టుకున్న పెయింటర్ మూతికి ఏం కట్టుకున్నాడో చూస్తే ఆ షెడ్డు సంగతి సగం తెలిసిపోతుంది. ఎక్కువమందికి దస్తీ. కొంత జాగ్రత్తపరులైతే కరోనా నాటి నీలం మాస్క్, ఇంకొంత అయితే ఎన్95. ఈమధ్య కొన్ని షెడ్లలో రెండు చెంపల పక్కా డబ్బాలున్న బూడిదరంగు మాస్క్ కనిపిస్తోంది. 3ఎం కంపెనీ 6000 సిరీస్ హాఫ్ మాస్క్ అది. కారు, ఆటో, ట్రాక్టర్, లారీ పెయింటింగ్‌లో అది ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ విషయం.

ముందే తేల్చి చెప్పాలంటే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్, ఎన్‌సీ ప్రైమర్, ట్రాక్టర్లకు కొట్టే సింథటిక్ ఎనామిల్ పనులకు, సరిగ్గా బిగించి వాడితే, 5కు 4 మార్కులు. హార్డెనర్, అంటే గట్టిపరిచే ద్రవం, కలిపి కొట్టే టూకే క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక మెరుపు పూత), పీయూ (పాలీయురేథేన్) పెయింట్లకు 5కు 2. అదే మాస్క్, అదే మనిషి, మార్కుల్లో ఇంత తేడా ఎందుకంటే పెయింట్ డబ్బాలో ఉన్న సరుకు వేరు కాబట్టి.

కౌంటర్ దగ్గరే మొదలయ్యే పొరపాటు

"పెయింట్ మాస్క్ ఇవ్వండి" అంటే దుకాణంలో ముఖానికి పెట్టుకునే ముక్క, దానితో రెండు కార్ట్రిడ్జ్‌లు చేతిలో పెడతారు. అది సగం సామానే. పెయింట్ పనికి నాలుగు ముక్కలు కావాలి. 6200 అనేది ముఖానికి పెట్టుకునే భాగం. 6001 అనేది నల్ల పట్టీ ఉన్న కార్ట్రిడ్జ్‌ల జత, థిన్నర్ ఆవిరి కోసం. దాని ముందు పెట్టే తెల్లటి ప్యాడ్ 5ఎన్11. ఆ ప్యాడ్ మీద నొక్కి బిగించే ప్లాస్టిక్ మూత 501. రేటు అడిగేటప్పుడు నాలుగింటికీ కలిపి అడగాలి, ప్యాడ్లు మాత్రం ఒకేసారి పది జతలైనా తీసుకోవాలి. ప్యాడ్ లేకుండా గన్ కొడితే తుంపర నేరుగా కార్ట్రిడ్జ్‌లోని బొగ్గు గింజల మీద పడుతుంది. బొగ్గు ఆవిరిని పీల్చుకుంటుంది గానీ సన్న చుక్కలను ఆపలేదు. కొన్ని గింజల సందుల్లోంచి నోట్లోకి వస్తాయి, మిగిలినవి బొగ్గు మీద పొరగా ఎండి దాని పనినీ చెడగొడతాయి.

5ఎన్11లో ఎన్ అంటే నూనె లేని తుంపరకు అని. నూనె ఉన్నవాటికీ తట్టుకునే రకం 5పీ71. పెయింట్ పనికి అది దొరికితే అదే మంచిది, మూత మాత్రం అదే 501.

దుకాణదారు 6001 లేదని పసుపు పట్టీ 6003 ఇస్తే తీసుకోవచ్చు. అది ఆవిరితో పాటు కొన్ని ఆసిడ్ వాయువులను కూడా పడుతుంది, పెయింటర్‌కు దానివల్ల అదనపు లాభమేమీ లేదు, నష్టమూ లేదు. గులాబీ రంగు గుండ్రటి 2097 ఇస్తే మాత్రం వద్దనాలి. అందులో బొగ్గు పొర వాసన ఇబ్బంది తగ్గించడానికి ఉన్నది. వెల్డింగ్ పొగకు బాగుంటుంది, గన్ పనికి చాలదు. ఇక 60921 అని ఆవిరికీ దుమ్ముకీ కలిపి ఒకే డబ్బాగా వస్తుంది. వడపోత దానిదే మెరుగు. కానీ పెయింట్ పనిలో ముందు పూడుకుపోయేది ఎప్పుడూ తుంపర పట్టే పొరే, అది పూడగానే మొత్తం డబ్బా పారేయాలి. ప్యాడ్ విడిగా ఉంటే పూటకో ప్యాడ్ మార్చి కార్ట్రిడ్జ్‌ను దాని ఆయుష్షు తీరేదాకా వాడుకోవచ్చు. రోజూ గన్ పట్టేవాళ్లకు విడి ప్యాడ్ పద్ధతే లెక్కకు వస్తుంది.

కార్ట్రిడ్జ్ సీల్ కవరులో ఉండాలి, దాని మీద గడువు తేదీ ఉండాలి, లోపలి కాగితంలో టీసీ-23సీతో మొదలయ్యే అనుమతి సంఖ్య ఉండాలి. కవరు విప్పి అద్దాల బీరువాలో అలంకారానికి పెట్టిన కార్ట్రిడ్జ్ ఎంత తగ్గించి ఇచ్చినా కొనొద్దు. గాలి తగిలిన రోజు నుంచే బొగ్గు పని మొదలుపెడుతుంది. సైజుల్లో 6100 చిన్నది, 6200 మధ్యరకం, 6300 పెద్దది. మన దుకాణాల్లో ఎక్కువగా మధ్యరకమే ఉంచుతారు. సన్నటి మొహానికి అది ముక్కు దూలం దగ్గర లేస్తుంది. అలాంటివాళ్లు 6100 తెప్పించుకోవాలి గానీ పట్టీలు ఇంకా గట్టిగా లాగి లాభం లేదు.

గన్ నొక్కితే ఏం వస్తుంది

రెండు వస్తాయి. ఒకటి తుంపర, అంటే రంగు, రెజిన్, హార్డెనర్ కలిసిన సన్నటి చుక్కలు. రెండోది ఆవిరి, అంటే థిన్నర్‌లోని టొలుయిన్, బ్యూటైల్ అసిటేట్, అసిటోన్ వంటివి. దస్తీ పెద్ద చుక్కల్లో కొన్నింటిని ఆపుతుంది. సాయంత్రానికి దాని మీద రంగు మరక కనిపిస్తుంది కాబట్టి బాగానే ఆపిందనిపిస్తుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయే చుక్కలు కంటికి కనబడవు, అవి నేత సందుల్లోంచీ ముక్కు పక్కల్నుంచీ దర్జాగా పోతాయి. దస్తీ తడిపి కట్టినా అంతే. ఎన్95 తుంపరను బాగానే పడుతుంది, ఆవిరిని మాత్రం అసలు పట్టదు. అందుకే ఎన్95తో కారు మొత్తం కొట్టినవాళ్లకు తల దిమ్మెక్కుతుంది. సాయంత్రం బెల్లం ముక్క తింటే లోపలి రంగంతా కొట్టుకుపోతుందని షెడ్లలో ఒక నమ్మకం. బెల్లం పోయేది కడుపులోకి, రంగు పోయింది ఊపిరితిత్తుల్లోకి. రెండూ ఎక్కడా కలవవు.

తుంపర, ఆవిరి రెండింటినీ 6200 ఆపుతుంది. బాగా బిగిస్తే బయట ఉన్నదానిలో పదోవంతుకు మించి లోపలికి రానివ్వదని హాఫ్ మాస్క్‌లకు అమెరికా నిబంధనల్లో ఇచ్చిన లెక్క. ఎన్‌సీ పనికి ఇది చాలావరకు సరిపోతుంది.

టూకే క్లియర్ దగ్గర కథ మారుతుంది. హార్డెనర్ డబ్బా మీద సన్నక్షరాల్లో ఐసోసైనేట్ అనో, హెచ్‌డీఐ అనో ఉంటుంది. క్లియర్‌కు ఆ అద్దంలాంటి మెరుపు, ఆ గట్టిదనం దానివల్లే. ఊపిరితిత్తులకు అది చేసే చెడు మామూలు థిన్నర్ లాంటిది కాదు. కొందరి శరీరం దానికి అలవాటుపడే బదులు ఎదురుతిరుగుతుంది. నెలలో, ఏళ్లో బాగానే ఉన్న మనిషికి ఒకరోజు దమ్ము మొదలవుతుంది. ఒకసారి అలా తిరగబడ్డాక పక్క షెడ్డులో ఎవరో కొట్టిన క్లియర్ గాలి సోకినా చాలు, ఛాతీ బిగుసుకుపోతుంది. అమెరికాలో పనివాళ్ల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ సంస్థ హెచ్‌డీఐకి సూచించిన పరిమితి పని రోజు సగటున 0.005 పీపీఎం, అంటే వంద కోట్ల పాళ్ల గాలిలో 5 పాళ్లు. పది నిమిషాల గరిష్ఠం 0.020 పీపీఎం. మన ముక్కు దాన్ని పసిగట్టేసరికి గాలి ఈ పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే అన్నది అందుకే. ఎన్‌సీ థిన్నర్ అయితే కార్ట్రిడ్జ్ అయిపోగానే లోపల వాసన వస్తుంది, ముక్కే అలారం. ఐసోసైనేట్‌కు ఆ అలారం మోగదు. ప్యాడ్ సరిగ్గా కూర్చోకపోయినా, అంచు దగ్గర వెంట్రుకవాసి సందున్నా, ఏమీ తెలియకుండానే లోపలికి పోతుంది. "వాసన రావట్లేదు కదా" అన్న ధీమాతో పెయింటర్ తలుపులు వేసుకుని ఇంకో కోటు ఎక్కువ కొడతాడు. నిజానికి తాజా ప్యాడ్, తాజా కార్ట్రిడ్జ్ హార్డెనర్ తుంపరలో చాలా భాగాన్ని పట్టగలవు. ఎప్పుడు పట్టడం మానేశాయో చెప్పేవాళ్లు లేరు, బాధంతా అదే. బ్రిటన్‌లో ఈ రకం పెయింట్ కొట్టాలంటే బయటి నుంచి గాలి పంపే మాస్క్ ఉండాల్సిందేనని అక్కడి భద్రతా సంస్థ పట్టుబడుతుంది. నియోష్ సలహా కూడా అదే.

ట్రాక్టర్ పెయింటర్లకు ఒక మాట. "మేము కొట్టేది ఎనామిల్, టూకే కాదు" అనుకుని, త్వరగా ఆరాలని, మెరవాలని అందులో కొంచెం పీయూ హార్డెనర్ కలిపేవాళ్లున్నారు. కలిపిన నిమిషం నుంచి అది కూడా ఐసోసైనేట్ పనే.

బిగించడం, గడ్డం

ముందు పై పట్టీల గూడును నడినెత్తి మీద కూర్చోబెట్టాలి. తర్వాత కింది పట్టీలను మెడ వెనక కొక్కెం వేసి, ముందు పైవి, ఆ తర్వాత కిందివి, రెండు పక్కలా సమానంగా లాగాలి. ముక్కు వంకరపోయేలా బిగిస్తే అంచు ముడతపడి ఇంకా కారుతుంది. పెట్టుకున్న ప్రతిసారీ రెండు పరీక్షలు చేయాలి. మధ్యలో ఉన్న గాలి బయటికిపోయే మూతను అరచేత్తో మూసి మెల్లగా ఊదాలి. మాస్క్ కొంచెం ఉబ్బాలి, కళ్ల వైపు గాలి తగలకూడదు. తర్వాత రెండు ప్యాడ్లనూ బొటనవేళ్లతో నొక్కిపెట్టి మెల్లగా పీల్చాలి. మాస్క్ మొహానికి అతుక్కుని అలాగే ఉండాలి. రెండూ కలిపి పదిహేను సెకన్ల పని.

ఈ మాస్క్‌కు మొహం నున్నగా ఉండాలి. రెండు రోజుల గడ్డం కూడా అంచు కింద సందు చేస్తుంది. కార్తీకం వచ్చిందంటే షెడ్లలో సగం మంది అయ్యప్ప మాలలో ఉంటారు, 41 రోజులు గడ్డం తీయరు. తర్వాత కొండగట్టు హనుమాన్ మాలలు. నియమంగా గడ్డం ఉంచుకునే ముస్లిం పెయింటర్లు ఏడాది పొడుగునా ఉంటారు. వీళ్లెవరినీ గడ్డం తీయమనడం కుదిరే పని కాదు, అడగడమూ సరికాదు. ఉన్న మాట మాత్రం చెప్పాలి: గడ్డం మీద 6200 పెట్టుకుంటే అది మంచి దస్తీ కింద లెక్క. మాల రోజుల్లో స్వాములకు పుట్టీ, మాస్కింగ్, నీళ్ల పేపర్ పనులు అప్పజెప్పి గన్ ఇంకొకరికి ఇవ్వడం ఒక దారి. తల మొత్తం కప్పే, లోపలికి గాలి పంపే హుడ్ కొనడం ఇంకో దారి. దానికి గడ్డంతో పేచీ లేదు.

కార్ట్రిడ్జ్ ఆయుష్షు, దసరా గిరాకీ

ఎన్ని రోజులొస్తుంది అని అడుగుతారు. లెక్క గంటల్లో ఉండాలి. పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు వాడే మోటు లెక్క ఒకటుంది. 70 డిగ్రీల పైన మరిగే ద్రావకం, గాలిలో 200 పీపీఎం లోపు ఉంటే, మామూలు పని వేగంలో 8 గంటలు. తేమ 85 శాతం దాటితే అందులో సగం. ఆయాసపడుతూ పనిచేస్తే ఇంకా తక్కువ. టొలుయిన్ 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి బొగ్గు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అసిటోన్ 56 దగ్గరే మరుగుతుంది, తొందరగా జారిపోతుంది. చవక థిన్నర్లలో, గన్ కడిగే థిన్నర్లలో ఏది ఎంతుందో డబ్బా మీద ఉండదు. షట్టర్ సగం దించిన షెడ్డులో ఆవిరి 200 లోపే ఉంటుందన్న నమ్మకమూ లేదు. అందుకని గన్ నడిచిన సమయం నాలుగు గంటలు దాటితే కార్ట్రిడ్జ్ అయిపోయిందనుకోవడమే మేలు. వాసన తెలిస్తే అంతకుముందే మార్చాలి.

దసరా ముందు నెలలో షెడ్డు ఖాళీ ఉండదు. ఆయుధపూజకు బండి మెరవాలి. సరిగ్గా అప్పుడే వానల తేమ, కార్ట్రిడ్జ్‌కు బతుకు సగం. గిరాకీ రెండింతలు, కార్ట్రిడ్జ్ సగం అంటే మామూలు నెలకు నాలుగింతలు కొనాలి. ఎవరూ అలా కొనరు, అదే పాత జతతో పండగ గట్టెక్కిస్తారు.

కార్ట్రిడ్జ్ మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి, విప్పిన తేదీ, వాడిన నిమిషాలు పెన్నుతో రాయాలి. పని అయ్యాక మాస్క్‌ను మేకుకు తగిలించి పోకూడదు. రాత్రంతా షెడ్డు గాలిలోని ఆవిరిని అది పీలుస్తూనే ఉంటుంది. పైగా బొగ్గు ముందు భాగంలో పట్టుకున్న ద్రావకం మెల్లగా వెనక్కి, అంటే మూతి వైపుకు, జరుగుతుంది. పొద్దున పెట్టుకోగానే వాసన రావడానికి కారణం ఇదే. జిప్ కవరులో గాలి తీసి మూసి, పెయింట్ గదికి దూరంగా పెట్టాలి. ప్యాడ్ సంగతి తేలిక. పీల్చడం బరువనిపిస్తే, లేదా రంగు పొర కనిపిస్తే, మార్చెయ్యాలి.

మాస్క్‌లోని లోపాలు

కళ్లు బయటే ఉంటాయి. క్లియర్ తుంపర కళ్లలో మంట పెడుతుంది, వేరే కళ్లజోడు పెడితే ముక్కు దగ్గర మాస్క్‌కు తగిలి అంచును పైకి లేపుతుంది. పూర్తి మొహం కప్పే 6800 ఈ బాధ తీరుస్తుంది, కార్ట్రిడ్జ్‌లు అవే సరిపోతాయి, ధర మాత్రం చాలా ఎక్కువ. మాట వినపడదు. అందుకే ప్రతి అయిదు నిమిషాలకూ మాస్క్ గడ్డం కిందికి లాగి కేకలేస్తారు, కోటు ఎలా పడిందో దగ్గరికి వంగి చూసేటప్పుడూ లాగుతారు. గన్ ఆపిన వెంటనే గాలి శుభ్రమైనట్టు కనిపిస్తుంది, కానీ సన్న చుక్కలు అప్పుడూ తేలుతూనే ఉంటాయి. పెయింట్, థిన్నర్ డబ్బాలన్నీ బయట పెట్టేసిన ఖాళీ షెడ్డులో ఒకరోజు పొద్దున సాంబ్రాణి పొగ నింపి, ఫ్యాన్ వేసి, పొగ పూర్తిగా పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారంలో చూడాలి. గన్ ఆపాక మాస్క్ తీయకుండా కనీసం అన్ని నిమిషాలు ఉండాలి. ఫ్యాన్ నేల దగ్గర ఉండాలి, థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు. దాని మోటారు నిప్పురవ్వ రాని రకమై ఉండాలి.

మే నెల ఎండలో రబ్బరు కింద చెమట పట్టి మాస్క్ జారుతుంది. దీనికి మంచి మందేమీ లేదు. పెద్ద పని పొద్దున ఏడింటికల్లా మొదలుపెట్టడమే.

మాస్క్‌ను థిన్నర్‌తో తుడవడం చాలా షెడ్లలో చూస్తాం. అంచు గట్టిపడి పగులుతుంది. కార్ట్రిడ్జ్‌లు తీసేసి, 49 డిగ్రీలు మించని గోరువెచ్చటి నీళ్లలో నూనె లేని సబ్బుతో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి నీడలో ఆరబెట్టాలి. గాలి బయటికిపోయే పలుచటి రబ్బరు బిళ్ల కింద క్లియర్ చుక్క ఎండితే అది పూర్తిగా మూసుకోదు. అక్కడి నుంచి వడపోత లేని గాలి వస్తుంది. వారానికోసారి దాన్ని లేపి చూడాలి.

క్లియర్‌కు మరి ఏం కొనాలి

గాలి పంపే హుడ్. దానికి నిమిషానికి సుమారు 170 లీటర్ల గాలి కావాలి. తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వాడే హెచ్‌వీఎల్‌పీ గన్ ఒక్కటే 350 లీటర్లు, అంతకు పైన తాగుతుంది. 2 హెచ్‌పీ కంప్రెసర్ నిమిషానికి ఇచ్చేది 200 లీటర్ల చుట్టుపక్కల. అంటే షెడ్డులో ఉన్న చిన్న కంప్రెసర్‌కే పైపును రెండుగా చీల్చే టీ ముక్క పెట్టి హుడ్ తగిలిస్తే అటు పెయింటూ పాడు, ఇటు మనిషికీ గాలి చాలదు. కనీసం 5 హెచ్‌పీ ఉండాలి. అప్పుడైనా నూనె కంప్రెసర్ వేడెక్కితే కార్బన్ మోనాక్సైడ్ పుట్టొచ్చు, నీళ్లూ నూనె పట్టే మామూలు ఫిల్టర్ దాన్ని ఆపలేదు. కరెంటు పోయినప్పుడు వేసే డీజిల్ జనరేటర్ పొగ కంప్రెసర్ నోట్లోకి పోతే ఇంకా ప్రమాదం. పీల్చే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 10 పీపీఎం దాటకూడదు. చిన్న షెడ్డుకు సులువైన దారి నూనె లేని విడి గాలి పంపు. దాన్ని రోడ్డు వైపు, పొగ, దుమ్ము లేని చోట పెట్టి పైపు లోపలికి తేవాలి. ఖర్చు 6200తో పోల్చేది కాదు. అయితే నెలంతా క్లియర్ కొట్టే షెడ్డు ప్యాడ్లూ కార్ట్రిడ్జ్‌లూ గంటల లెక్కన మారిస్తే అయ్యే ఖర్చును కూడా పక్కన రాసుకుని చూడాలి.

పాత బండి రంగు గీకేటప్పుడు ఇదే 6200 బాగా పనికొస్తుంది. పసుపు, నారింజ రంగుల్లో లెడ్ క్రోమేట్ వాడకం పాతది. సీసాన్ని 90 పీపీఎంకి కట్టడి చేసిన 2016 నిబంధనలు ఇళ్లకు, అలంకరణకు వేసే పెయింట్లకే గానీ బండ్లవాటికి కావు. పొడిగా గ్రైండర్ పెట్టకుండా నీళ్ల పేపర్‌తో రుద్దాలి, ప్యాడ్ ఉన్న మాస్క్ పెట్టుకోవాలి, ఆ బట్టలు ఇంటికి వేసుకుపోకూడదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లోనే పెయింటర్ పనిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

చేతులు థిన్నర్‌తో కడుక్కునే అలవాటు ఉంటే ఎంత మంచి మాస్క్ అయినా సగమే. హార్డెనర్ చర్మం గుండా పోయి కూడా శరీరం తిరగబడేలా చేస్తుంది. కలిపేటప్పుడే నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి.

ఈ మాస్క్ ఎవరికి వద్దో కూడా చెప్పాలి. క్లియర్ కొట్టిన రోజు సాయంత్రమో, అర్ధరాత్రో దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగుతు వచ్చి, ఆదివారం తగ్గి, బతుకమ్మ సెలవుల్లో పూర్తిగా పోయి, పనికి రాగానే మళ్లీ మొదలైతే అది జలుబు కాదు. అలాంటి మనిషి 6200 పెట్టుకున్నా, దానికంటే మంచిది పెట్టుకున్నా, గన్ దగ్గరికి పోకూడదు. పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం మందుల దుకాణాల్లో దొరుకుతుంది. రోజుకు కనీసం నాలుగుసార్లు, పని రోజులూ సెలవులూ కలిపి రెండు వారాలకు పైగా ఊది అంకెలు రాసుకోవాలి. ఆ కాగితం, హార్డెనర్ డబ్బా లేబుల్ ఫోటో రెండూ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనైనా, బయటైనా ఛాతీ డాక్టరుకు చూపించాలి. "పెయింట్ పని చేస్తా" అంటే గోడల పెయింట్ అనుకునే అవకాశం ఉంది. ఐసోసైనేట్ అన్న మాట డాక్టరు కంటపడాలి.